భుజాలు చదివే తోడల్లుడు

స్కూబా డైవింగ్‌కి వెళ్తే మా తోడల్లుడు నీళ్లలో ఉండేది ఇరవై నిమిషాలు, ఒడ్డున గాలి ట్యాంకులు చదివేది గంటన్నర. ఫ్లోరిడాలో కీ లార్గోకి వెళ్లినప్పుడూ అదే తంతు. మేమంతా ఆ రబ్బరు సూట్లలో కాళ్లు దూర్చలేక కుస్తీ పడుతుంటే, ఆయన అద్దె దుకాణం వెనక వరసగా నిలబెట్టిన ట్యాంకుల ముందు గొంతుక్కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఒక్కోదాని భుజం తడుముతున్నాడు.

భుజం అంటే మెడ కింద లోహం గుండ్రంగా వంగే చోటు. ట్యాంకు పుట్టుపూర్వోత్తరాలన్నీ అక్కడే గుద్దుతారు.

"డీఓటీ అంటే అమెరికా రవాణా శాఖ. 3ఏఎల్ అల్యూమినియం, 3ఏఏ ఉక్కు. పక్కనున్న 3000 దీని నంబరనుకునేవు! నింపాల్సిన ఒత్తిడి, చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు."

నేను అడగలేదు. అడిగిన వాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు.

"ఇదిగో, పరీక్ష తేదీ. నెల ఎడమన, సంవత్సరం కుడిన. మధ్యలో చతురస్రంగా నాలుగక్షరాలు, పరీక్ష చేసినవాళ్ల గుర్తు. పై ఎడమ మూల నుంచి గడియారం ముల్లులా చుట్టి చదవాలి."

ఐదేళ్లకోసారి ట్యాంకులో నీళ్లు నింపి, 3000 ట్యాంకునైతే 5000 దాకా ఒత్తి, ఎంత ఉబ్బిందో, ఒత్తిడి తీశాక ఎంత తగ్గిందో కొలుస్తారట. ఉబ్బినదాంట్లో పదో వంతుకి మించి మిగిలిపోతే ట్యాంకు తుక్కు కిందే లెక్క. సంక్రాంతి అరిసెల తరవాత నన్నెవరైనా అలా కొలిస్తే నా గతి ఏమిటా అనుకున్నాను.

ఉక్కు ట్యాంకు మీద తేదీ పక్కన కూడిక గుర్తుంటే పదిశాతం ఎక్కువ నింపొచ్చు. అది కనిపిస్తే ఆయనకి కొసరు దొరికినంత సంబరం. 1988కి ముందు పుట్టిన అల్యూమినియం ట్యాంకు కనిపిస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తాడు. 6351 రకం మిశ్రమమైతే మెడ దగ్గర పగుళ్లొస్తాయని భయం. అది ఉత్త చాదస్తం కాదు లెండి, అలాంటివి పేలిన సందర్భాలున్నాయి.

అసలు బాధ వేరే. అందరూ ఎనభై అని పిలిచే ట్యాంకులో పట్టేది 77.4 ఘనపుటడుగుల గాలే. "రెండు పాయింట్ ఆరు ఏమైనట్టు?" అని దుకాణం కుర్రాణ్ని నిలదీశాడు. పాలవాడి దగ్గర కొలత తగ్గిన గొంతు అది. ఆ కుర్రాడు సముద్రం వైపు చూశాడు.

ఇది వంశంలోనే ఉంది. రాజమండ్రిలో వాళ్ల నాన్నగారు గ్యాస్ బండ వస్తే డబ్బులివ్వడానికి ముందు దాన్ని గుమ్మంలో గిరగిరా తిప్పి, పైన పట్టీల లోపలివైపు రాసిన అక్షరం వెతికేవారు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే జూన్ దాకా, అలా నాలుగు. పక్కన పరీక్ష గడువు సంవత్సరం. గడువు దాటితే బండ వెనక్కి. బండతో పాటు మోసుకొచ్చిన కుర్రాడికి మజ్జిగ కూడా వెనక్కి.

"మా పెళ్లిరోజు ఈయనకి ఏటా నేనే గుర్తు చేయాలి," అంది మా వదినగారు. "నా భుజం మీదా గుద్దించుకోవాలేమో."

చివరికి పడవ ఎక్కాం. 1965లో సముద్రం అడుగున నిలబెట్టిన క్రీస్తు విగ్రహం దగ్గరికి, పాతికడుగుల లోతు. అంత తక్కువ లోతులో గాలి నింపాదిగా గంట రావాలి. మా తోడల్లుడు విగ్రహాన్ని చూశాడో లేదో గానీ, ఇరవై రెండో నిమిషానికి గాలి కొలిచే ముల్లు అడుగంటి, గైడు చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు పైకి తేలాడు. రొప్పుతూనే పడవ ఎక్కి, ట్యాంకు దింపి, భుజం నావైపు తిప్పాడు.

"చూశావా? నేను ముందే చెప్పలా, ఇందులో ఎనభై లేదని!"