ప్రిపొజిషన్ల పెద్దాయప్ప

ఆదోని బస్టాండు ఎదుట ఉగ్గాని బజ్జి తినేటప్పుడు ఇంగ్లీషు మాట్లాడకూడదు. పక్క బల్ల మీద పెద్దాయప్ప ఉంటాడు. మొన్న ఒక డిగ్రీ పిల్లోడు ఫోన్లో "వీ విల్ డిస్కస్ అబౌట్ ఇట్ సర్" అన్నాడు. పెద్దాయప్ప చేతిలో మిరపకాయ బజ్జి చేతిలోనే ఆగిపోయింది.

"నాయనా, డిస్కస్ ఎనకాల అబౌట్ రాదప్పా. అది డిస్కస్ కడుపులోనే ఉండాది. ఉగ్గాని అంటే బొరుగులే కదా, బొరుగుల ఉగ్గాని పెట్టమని అడుగుతావా?"

పిల్లోడు కంగారులో ఫోన్ కట్ చేశాడు. అవతల ఉన్నది ఉద్యోగం ఇవ్వబోతున్న కంపెనీవాళ్లట.

పెద్దాయప్ప బడిపంతులు కాడు. పత్తి మండీలో ఒక కమీషను కొట్టు గుమాస్తా. బొంబాయికి తంతులు రాయడం ఆయన పని. తంతికి మాటల లెక్కన డబ్బులు గుంజేవాళ్లు కాబట్టి సేటు మొదటి కత్తెర ఈ చిల్లర మాటల మీదే వేశాడు. ఇన్, ఆన్, ఎట్, టు, బై: వీటికి పైసలు దండగ అన్నాడు. అట్లా ఏళ్ల తరబడి మిగిల్చిన ప్రిపొజిషన్లన్నీ పెద్దాయప్ప కడుపులో పేరుకుపోయాయి. 2013 జూలైలో దేశమంతటా తంతి సేవకు తెర దించారు. ఈయన మాత్రం ఆ పాత నిల్వను వడ్డీతో సహా ఊరి మీదికి వదులుతూనే ఉన్నాడు.

వెనక ఒక దెబ్బ కూడా ఉందిలెండి. ఒకసారి బొంబాయి పార్టీ ట్రంకాల్ చేసి "లారీ ఇన్ టూ డేస్" అంది. ఈయన "రెండు రోజుల్లో" అని రాసుకున్నాడు. మనకు రెండు రోజుల్లో అంటే ఆ లోపల ఎప్పుడైనా రావచ్చు. ఇంగ్లీషువాడికి రెండు రోజులు గడిచాక అని. మర్నాడు తెల్లారకముందే హమాలీలను పిలిచి బేళ్లన్నీ గేటు దగ్గర పేర్పించారు. లారీ రాలేదు, వాన వచ్చింది. హమాలీల కూలి గుమాస్తా జీతంలోంచి పోయింది. ఆ సాయంత్రమే రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కొన్నాడు. ఆ పుస్తకం నేను చూశాను. పేజీల మధ్య అక్కడక్కడ పత్తి పింజలు అతుక్కుని ఉన్నాయి. 'వితిన్' ఉన్న పేజీ మూల మడిచి మడిచి చివరికి ఊడిపోయింది.

ఆయన సిద్ధాంతం వినదగ్గదే. "మనది మూడు బాసల ఊరప్పా. ఆదోనిలో అంటాం, కన్నడమోళ్లు ఆదోనియల్లి అంటారు, సాయిబులు ఆదోనీ మే అంటారు. మూడిటికీ తోక ఎనకాలే. ఇంగ్లీషొక్కటే కొమ్ములు ముందర పెట్టుకోని వస్తాది. పొడిపిచ్చుకోక ఏం జేస్తాం?"

ఆ తోకల్లో మన 'లో' ఎంత పనిమంతురాలో చూడండి. ఇంట్లో, బస్సులో, ఆటోలో, అన్నిటికీ అదొక్కటే. ఇంగ్లీషులో ఇంటికి ఎట్, బస్సుకు ఆన్, ఆటోకు ఇన్. ఆదోని ఆటోలో డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చుని, వెనక ఇంకొకరు వేలాడుతుంటారు కనుక అక్కడ ఇన్నా, ఆనా అన్నది పెద్దాయప్ప కూడా తేల్చలేదు. కోపం మనకు ఎదుటివాళ్ల మీద వస్తుంది, ఇంగ్లీషువాళ్లకు ఎదుటివాళ్లతో వస్తుంది. ఇది ఇంట్లో చెప్పబోతే ఆయన ఇల్లాలు, "నాతో కలిసి కోపం చేసుకునేదేంది, నువ్వొక్కడివే చేసుకో" అని గరిటె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం ఎమ్మిగనూరులో జరిగింది. బంధువుల అమ్మాయి పెళ్లి. పంచమని మూడొందల పత్రికలు ఈయన చేతికిచ్చారు. ఇంగ్లీషు వైపు వరుడి పేరుకు ముందు 'విత్' అని ఉంది. పెళ్లికి 'టు' రావాలన్నది ఈయన పట్టు. రాత్రంతా కూర్చుని, ఎర్ర సిరాతో మూడొందల 'విత్'లు కొట్టేసి పైన 'టు' రాశాడు. ఎమ్మిగనూరు అంటే మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. పంచెలో ఒక్క పోగు తేడా ఉన్నా కనిపెట్టే కళ్లు అక్కడివి. వరుడి పేరు పక్కన ఎర్రగీత కనిపించేసరికి, పెండ్లికొడుకును మార్చినారంట అని మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. అసలు పెండ్లికొడుకు తండ్రి సాయంత్రం బస్సుకే దిగాడు. ఆయన్ను శాంతపరచడానికి రెన్ అండ్ మార్టిన్ పనికిరాలేదు, పెద్దమనుషులు కావలసి వచ్చింది.

ఆయన్ను ఓడించినది ఒక్క మనవరాలే. బ్యాంకులో 'ఫిలప్' అన్న ప్రతివాణ్ణీ 'ఫిల్ ఇన్' అనమని ఏళ్లుగా సతాయిస్తున్నాడా, అమెరికా నుంచి ఆ పిల్ల ఫోన్ చేసి "తాతా, ఫారం ఫిల్ అవుట్ చేసినావా?" అంది. తప్పన్నాడు. అక్కడ అందరూ అట్లాగే అంటారంది. నిఘంటువు తీసి చూశాడు. ఇన్, అప్, అవుట్, మూడూ ఉన్నాయి. రెండు రోజులు ఉగ్గాని కొట్టు వైపు రాలేదు. మూడో రోజు వచ్చి, "నింపు అంటే అయిపోయేదానికి మూడేంటికప్పా ఆ నాయాళ్లకి?" అని మాత్రం అని, ఇంకో ప్లేటు బజ్జి చెప్పాడు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. బస్సులో ఆయన పక్క సీటు తరచూ ఖాళీగానే ఉంటుంది. నిర్భయంగా కూర్చోండి, మంచివాడు, టీ కూడా ఇప్పిస్తాడు. మీరు దిగే చోటు మాత్రం ముందే కండక్టరుకు చెప్పి పెట్టుకోండి, తెలుగులో.