ఎర్ర గోళీ మహాత్మ్యం

ఖరగ్‌పూర్ ఇందాలో రాత్రి పది దాటాక, రిటైరైన రైల్వే తాతలు అరికాళ్ళు చల్లటి గచ్చుకు ఆనించి కూర్చుంటారు. మంట, చీమలు పాకినట్టు జరజర, దుప్పటి తగిలితే సూదులు. షుగరు పెట్టిన భిక్ష. తెల్లారగానే మందుల షాపు: "నస్ కా గోలీ దేనా భాయ్!"

అడిగిందే తడవు ఎర్ర గోళీల పట్టీ. "నరాలకు బలం" అని హామీ కూడా.

పట్టీ వెనక్కి తిప్పితే కళ్ళజోడు కావాలి. మిథైల్‌కోబాలమిన్, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, ఫోలిక్ యాసిడ్, పిరిడాక్సిన్... ఖరగ్‌పూర్ 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం పొడుగు రికార్డుని 2013లో గోరఖ్‌పూర్ లాగేసుకుంది గానీ, ఈ జాబితాని మించే ఊరు ఇంకా పుట్టలేదు. అందులో పిరిడాక్సిన్ అంటే బి6. మోతాదు మించి నెలల తరబడి మింగితే అదే నరాలను దెబ్బతీస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

మిథైల్‌కోబాలమిన్ అంటే బి12, దాన్ని తీసిపారెయ్యలేం. షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే అది తగ్గొచ్చు. రక్తపరీక్షలో తేలితే వేసుకోవాల్సిందే. కానీ పరీక్షకి సూది గుచ్చాలి, గోళీకి నోరు తెరిస్తే చాలు.

నొప్పి తగ్గించే మందులు వేరే ఉన్నాయి: ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్. మొదటి రెండూ మూర్ఛకి, తర్వాతవి డిప్రెషన్‌కీ వాడేవి. ఆ మాట చెవిన పడిందా, "నాకేటి పిచ్చా?" అని తాత చీటీ మడిచి జేబులో పెడతాడు. ఇవి నరాన్ని బాగుచెయ్యవు, నొప్పి గోలని తగ్గిస్తాయి, అదీ అందరికీ కాదు. 2022లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్‌లలో దేనితో మొదలెట్టినా ఉపశమనం దాదాపు ఒక్కటే. చాలనివాళ్ళకి రెండో మందు కలిపితే ఇంకాస్త. ఖరీదైనదే గొప్పదనేవాళ్ళకి ఇది రుచించదు. అమిట్రిప్టిలిన్ 1960ల నాటి చవక మందు మరి. అలాగని షాపువాడిని అడిగి మింగేదీ కాదు: గుండె జబ్బుంటే దీనితో, కిడ్నీ బలహీనమైతే ప్రీగాబలిన్ మోతాదుతో జాగ్రత్త.

అమ్మకాల కళ ఇందాలో పుట్టలేదు లెండి. గాబాపెంటిన్‌ని అనుమతి లేని జబ్బులకు అంటగట్టిన కేసులో 2004లో అమెరికాలో మందు కంపెనీ 43 కోట్ల డాలర్లు కట్టాల్సొచ్చింది.

నెల తిరిగింది. తాత కాలి మంట తగ్గింది, కాలే తెలియడం లేదు. హవాయి చెప్పు అడుగున దిగిన మేకు మొన అరికాల్లో గుచ్చుకునే ఉంది. "మందు పట్టిందిరా" అంటూ ఇంకో పట్టీకి బయల్దేరాడు.