సోషలిజం, హైటెక్ సిటీ బ్రాంచి

న్యూయార్క్ వాళ్లు ఒక డెమొక్రటిక్ సోషలిస్టును మేయరుగా ఎన్నుకుంటే మాకేం పోతుందనుకున్నాను. నిద్ర పోయింది. 2025 నవంబరు 5 పొద్దున్నే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మొదలైన గోల ఇవాళ్టికీ చల్లారలేదు.

డల్లాస్‌లో ఉన్న మా బావగారు "అయిపోయింది. ఇక అమెరికా వెనెజువెలాయే" అని తేల్చేశారు. విజయవాడలో ఉన్న మా బాబాయి, రిటైర్డ్ లెక్చరరు, "వెనెజువెలా ఎందుకవుతుంది అల్లుడు గారూ, స్వీడన్ అవుతుంది. సోషలిజం అంటే ఏమిటో ఒకసారి అక్కడికెళ్లి చూడండి" అన్నాడు. "స్వీడన్‌లో సోషలిజమేమిటి మావయ్యగారూ, పక్కా ఫ్రీ మార్కెట్టు" అని బావగారి జవాబు. అక్కడితో ఆగితే బాగుండేది. గంట తిరక్కుండా ఆ బావగారే స్వీడన్ పన్నుల పట్టిక ఒకటి పెట్టి, "చూశారా, సోషలిజం మనిషిని ఎలా పీల్చేస్తుందో" అన్నారు.

అంటే బావగారి లెక్కలో స్వీడన్‌లో ఫ్యాక్టరీ నడిస్తే పెట్టుబడిదారీ, పన్ను వేస్తే సోషలిజం. బాబాయి లెక్క ఇంకా సులువు. రష్యాలో కూలిపోయినది సోషలిజం కాదట, అక్కడ అదసలు ఎప్పుడూ లేదట. స్వీడన్‌లో నిలబడ్డది మాత్రం అదేనట. కూలిందల్లా ఎవరిదో, నిలిచిందల్లా మనది. ఈ పద్ధతిలో వాదిస్తే బ్రహ్మదేవుడు కూడా ఓడించలేడు.

ఈ జబ్బు మా ఇంట్లో పుట్టింది కాదనుకోండి. 2015లో అమెరికా సెనేటర్ బెర్నీ శాండర్స్ గారు డెన్మార్కును చూసి నేర్చుకుందామన్నారు. కొన్నాళ్లకే డెన్మార్క్ ప్రధాని లార్స్ లోకె రాస్ముసెన్ హార్వర్డ్ దాకా వచ్చి, మాది సోషలిస్టు ప్రణాళికా వ్యవస్థ కాదు, మార్కెట్ ఆర్థిక వ్యవస్థ అని చెప్పి వెళ్లాడు. ఇంటాయనే గుమ్మంలో నిలబడి "మీరు వెతుకుతున్న ఇల్లు ఇది కాదు బాబూ" అంటున్నా, చుట్టాలు చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నారు. 2018లో ఫాక్స్ చానెల్ వ్యాఖ్యాత ఒకావిడ డెన్మార్కును తీసుకెళ్లి వెనెజువెలా పక్కన నిలబెట్టింది. డెన్మార్క్ కుర్రాళ్లకు కప్‌కేకుల కొట్టు పెట్టుకోవడం తప్ప వేరే ఆశయం లేదని కూడా అంది. అదే ఏడాది వైట్‌హౌస్ ఆర్థిక సలహాదారులు సోషలిజం మీద పెద్ద నివేదిక రాస్తూ, నార్డిక్ దేశాల్లో పికప్ ట్రక్కు పెట్టుకోవాలంటే ఎంతవుతుందో లెక్కగట్టారు. పాపం మార్క్స్, అంత లావు గ్రంథం రాసీ ట్రక్కు సంగతి వదిలేశాడు.

వైట్‌హౌస్‌తో నాకు పేచీ లేదు. నా బాధల్లా స్వీడన్ ఫర్నిచర్ కొట్టు ఐకియా చూసొచ్చిన మా బాబాయితో.

ఆమధ్య హైదరాబాదు వచ్చినప్పుడు హైటెక్ సిటీ ఐకియా చూడాలన్నాడు. తీసుకెళ్లాను. 2018 ఆగస్టులో అది తెరిచిన రోజు జనం ఎలా విరగబడ్డారో, రోడ్లు ఎలా స్తంభించాయో హైదరాబాదు వాళ్లకు చెప్పక్కర్లేదు. వెయ్యిమంది కూర్చునే ఆ భోజనశాలలో చికెన్ మీట్‌బాల్స్ పళ్లెం ముందు పెట్టుకుని ఫొటో దిగి, "స్వీడన్ సమసమాజం, ఇప్పుడు మన రాయదుర్గంలో" అని గ్రూపులో పెట్టాడు. "చూశావా, ఎవరి పళ్లెం వాళ్లే తెచ్చుకోవాలి, తిన్నాక ఎవరిది వాళ్లే తీయాలి, చిన్నా పెద్దా తేడా లేదు" అని మురిసిపోయాడు. బాబాయ్, దాన్ని సర్వర్ల జీతం మిగుల్చుకోవడం అంటారు. మన కర్రీ పాయింటు ఓనరుకి కూడా తెలిసిన విద్యే.

ఆ కొట్టు పెట్టినాయన ఇంగ్వార్ కాంప్రాడ్. 1943లో, పదిహేడేళ్ల వయసులో మొదలుపెట్టాడు. వ్యాపారం పెరిగింది, పన్నూ పెరిగింది. 1973లో స్వీడన్ వదిలి డెన్మార్క్ చేరాడు, అక్కణ్నుంచి స్విట్జర్లాండ్. మళ్లీ సొంత దేశంలో కాపురం పెట్టేసరికి 2014. నలభై ఏళ్లు! రాములవారి వనవాసమే పద్నాలుగేళ్లు. అదీ తండ్రి మాట కోసం. ఈయనది పన్ను కోసం.

ఇక దుకాణాల యాజమాన్యం. దాన్ని 1982లో నెదర్లాండ్స్‌లో ఒక ఫౌండేషన్ పేరున పెట్టాడు. రాయదుర్గంలో తాను కొన్న ప్లాస్టిక్ డబ్బాల లాభం తిన్నగా స్వీడన్ ఖజానాకి చేరి, అక్కడ ఏ ముసలమ్మకో మందుబిళ్లలవుతుందని బాబాయి నమ్మకం. ఆ బండి మధ్యలో నెదర్లాండ్స్ వైపు తిరుగుతుందని చెబితే, "నువ్వు మీ బావ పార్టీలో ఎప్పుడు చేరావురా" అన్నాడు.

అసలు విశేషం ఇంకా ఉంది. అక్కడ బీరువా కొంటే బీరువా ఇవ్వరు. చెక్కలు, మరలు, ఒక బొమ్మల కాగితం, ఒక ఎలెన్ కీ ఇస్తారు. ఇంటికెళ్లి మనమే బిగించుకోవాలి, లేదా విడిగా డబ్బు కట్టి మనిషిని పిలిపించుకోవాలి. అదనపు విలువ అంటే పనివాడి దగ్గర లాక్కునేది అని మార్క్స్ చెప్పాడు. కొనేవాడి దగ్గర కూడా లాక్కోవచ్చని, వాడు డబ్బిచ్చి మరీ చాకిరీ చేస్తాడని, చేశాక బీరువా పక్కన నిలబడి ఫొటో కూడా దిగుతాడని కాంప్రాడ్ కనిపెట్టాడు. ఉత్పత్తి సాధనాలు శ్రమజీవి చేతికి రావాలని మా బాబాయి ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాడు. వచ్చింది. ఎలెన్ కీ. కొన్న బీరువా ఇక్కడే వదిలేసి దాన్ని మాత్రం జేబులో వేసుకుని విజయవాడ పట్టుకెళ్లాడు.

నిజానికి స్వీడన్ గుమ్మం దాకా సోషలిజం ఒకసారి వచ్చింది. 1970ల్లో యూనియన్ల ఆర్థికవేత్త రుడాల్ఫ్ మైడ్నర్ ఒక పథకం వేశాడు. పెద్ద కంపెనీలు ఏటా లాభంలో ఐదో వంతుకు సరిపడా కొత్త వాటాలు జారీచేసి యూనియన్ల నిధికి ఇవ్వాలి. కొన్ని దశాబ్దాలకు కంపెనీలే కార్మికులవైపోతాయి. దీన్ని సోషలిజం అంటే ఎవరూ కాదనలేరు. ఏమైంది? నీళ్లు కలిపి, కలిపి, 1983లో చట్టం చేశారు. ఆ అక్టోబరులో సూట్లేసుకున్న యజమానులు వేలాదిగా స్టాక్‌హోమ్ వీధుల్లో ఊరేగారు. సోషల్ డెమొక్రాట్ల సొంత ఆర్థికమంత్రి ఫెల్ట్, పార్లమెంటులో కూర్చుని ఆ నిధుల్ని తిడుతూ కాగితం మీద కవిత్వం గిలుకుతుంటే ఫొటో తీసేశారు. 1991లో గెలిచిన ప్రభుత్వం వాటిని మూసేసింది. బాబాయికి ఈ కథ తెలియదు. బావగారికి అసలే తెలియదు.

1976 సంగతి ఇంకా సొగసు. పిల్లల కథల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ తన అదనపు ఆదాయం మీద పన్ను 102 శాతానికి చేరిందని లెక్కతేల్చి, దాని మీద ఒక కథ రాసి పత్రికలో అచ్చేయించింది. దేశం గొల్లున నవ్వింది. సెప్టెంబరు ఎన్నికల్లో, నాలుగు దశాబ్దాలు దాటి ఏలిన సోషల్ డెమొక్రాట్లు దిగిపోయారు. రెండు నెలలు తిరక్కుండా, ఎమర్జెన్సీలో ఉన్న మన పార్లమెంటు 42వ సవరణ చేసి రాజ్యాంగ పీఠికలో 'సామ్యవాద' అని చేర్చింది. మాటే కావాలంటే, బాబాయ్, స్వీడన్ దాకా ఎందుకు, మన పీఠికలోనే ఉంది.

ఇక బావగారి వంతు. స్వీడన్‌లో కంపెనీల పన్ను 20.6 శాతం, అమెరికా ఫెడరల్ పన్ను 21. వారసత్వపు పన్నును 2004లో సోషల్ డెమొక్రాట్లే ఎత్తేశారు. సంపద పన్ను 2007లో పోయింది. ప్రభుత్వ సొమ్ముతో లాభానికి బడులు నడిపే కంపెనీ స్టాక్‌హోమ్ షేర్ మార్కెట్లో ఉంది. మన కార్పొరేట్ కాలేజీల వాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పకండి. అయితే ఆ సంక్షేమానికి డబ్బెక్కడిది? మామూలు జీతగాళ్లది. డెన్మార్కులో పాల ప్యాకెట్ మీద కూడా 25 శాతం పన్ను. ఉన్నవాణ్ని కొట్టి లేనివాడికి పెట్టడమని బాబాయి అనుకునేది, చాలామటుకు ఆ మధ్యతరగతి తన సొమ్ము తానే పెద్ద కుండలో వేసి తానే వడ్డించుకోవడం. నార్వేకి చమురుంది, ఆ డబ్బుతో లక్షన్నర కోట్ల డాలర్లు దాటిన నిధి ఉంది, ఆ నిధి ఆపిల్, మైక్రోసాఫ్ట్ వాటాలు కొంటుంది. ఫిన్లాండ్ 2018 నుంచి ఏటా సంతోషంలో మొదటి స్థానం. ఆ సంతోషమూ పన్ను కట్టాకే.

బావగారికి ప్రాణప్రదమైన వాదన మరొకటుంది. నార్డిక్ దేశాల్లో చట్టబద్ధమైన కనీస వేతనం లేదు, చూశారా మార్కెట్ గొప్పతనం అంటారు. లేని మాట నిజమే. ఎందుకు లేదో మాత్రం చెప్పరు. అక్కడ జీతాలను యూనియన్లూ యజమానుల సంఘాలూ కూర్చుని తేలుస్తాయి. డెన్మార్కులో ఆ రాజీ కుదిరింది 1899లో, స్వీడన్‌లో 1938లో. స్వీడన్‌లో ఇవాళ్టికీ పదిమంది ఉద్యోగుల్లో దాదాపు ఏడుగురు యూనియన్ సభ్యులు.

1981లో మెక్‌డొనాల్డ్స్ డెన్మార్క్ వెళ్లి, యూనియన్ ఒప్పందం మీద సంతకం పెట్టనంది. చట్టం ఏమీ చేయలేదు, ఎందుకంటే చట్టమే లేదు. యూనియన్లు చేశాయి. 1988 చివరికొచ్చేసరికి రేవు కూలీలు వాళ్ల సరుకు దించం అన్నారు. లారీ వాళ్లు తోలం అన్నారు. అచ్చు పనివాళ్లు వాళ్ల కాగితపు కప్పులు అచ్చేయం అన్నారు. బర్గరు కుర్రాడి కోసం! 1989లో కంపెనీ సంతకం పెట్టింది.

2023 అక్టోబరు 27న స్వీడన్‌లో టెస్లా మెకానిక్కులు అదే సంతకం కోసం సమ్మెకు దిగారు. రేవుల్లో టెస్లా కార్లు దించడం ఆపారు. తపాలా ఉద్యోగులు వాటి నంబరు ప్లేట్లు పంచడం ఆపారు. డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్ యూనియన్లు తోడొచ్చాయి. ఇది పిచ్చితనం అని ఎలాన్ మస్క్ రాసుకున్నాడు. రెండేళ్లు దాటినా ఆ సమ్మె ఆగలేదు.

మరి మన దగ్గర? 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సమ్మె చేయాలంటే పద్నాలుగు రోజుల ముందు నోటీసివ్వాలి. సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మే. ఆ రోజు మా గ్రూపులో ఏం చర్చ జరిగిందో తెలుసా? స్వీడన్ సోషలిస్టా, క్యాపిటలిస్టా అని. అరవై ఎనిమిది మెసేజీలు. కోడ్‌ల గురించి ఒక్కటీ లేదు. స్టాక్‌హోమ్ మెకానిక్కు హక్కుల మీద కవిత్వం చెప్పే బాబాయి, సొంత దేశంలో పనివాడి సమ్మెకు గడువు పెడుతుంటే మీట్‌బాల్స్ ఫొటో మళ్లీ ఫార్వర్డ్ చేశాడు. సర్కారు సీటులో, సర్కారు హాస్టల్లో ఇంజనీరింగు చదివి డల్లాస్ వెళ్లిన బావగారు, ఉచితాలు జనాన్ని చెడగొడతాయని పాఠం చెప్పారు. సిగ్గుండాలి ఇద్దరికీ.

నాకూ ఉండాలి. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. నలభై ఎనిమిది వేల మంది. వాళ్ల కోసం ఏ రేవూ ఆగలేదు, ఏ తపాలా ఆగలేదు. నేను క్యాబ్ పట్టుకుని ఆఫీసుకి వెళ్లొచ్చాను. ఛార్జీ ఎక్కువైందని విసుక్కున్నాను కూడా.

బాబాయ్, బావగారూ, మీ ఇద్దరికీ ఒకటే మనవి. ఈసారి గ్రూపులో స్వీడన్ పేరెత్తితే, మీరు ఏ యూనియన్‌కైనా కట్టిన చందా రసీదు ఫొటో పెట్టండి. మీట్‌బాల్స్ ఫొటో వద్దు.