గగనమైన ప్రయాణం

పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ సుమారు 140 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ విమానానికి ఇది 17 నిమిషాల పని. పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఇంకో అరగంట వేసుకున్నా గంట నిండదు. లెక్కలో తప్పేమీ లేదు. విమానాశ్రయం ఒక్కటే తక్కువ, అదీ రెండు చోట్లా.

దూరం మరీ తక్కువని విమానం వద్దనుకోనక్కర్లేదు. స్కాట్లాండ్‌లోని ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య రోజువారీ విమానం తిరుగుతుంది. దూరం 2.7 కిలోమీటర్లు, ప్రయాణం రెండు నిమిషాల లోపే. నల్గొండ గడియారం సెంటర్లో ఎక్కినవాణ్ణి ఆ విమానం పానగల్లు గుడి దాకా కూడా చేర్చదు.

ఇక్కడ రెండు ఊళ్లకూ దగ్గరి విమానాశ్రయం 2008లో మొదలైన శంషాబాదే. విమానంలోనే పోతానని పట్టుబట్టినవాడు ఎక్కేదీ అక్కడే, దిగేదీ అక్కడే కాబట్టి టికెట్టు డబ్బులు మిగులుతాయి. ప్రభుత్వం కొత్త విమానాశ్రయాలకు అనుకున్న ఆరు చోట్లలో మహబూబ్‌నగర్, అదే పాలమూరు, వైపు గుడిబండ ఉంది, నల్గొండ లేదు. గుడిబండ తయారైతే దిగే చింత తీరుతుంది, ఎక్కే చింతే మిగులుతుంది.

రైలు సంగతి ఇంకో తీరు. నల్గొండది బీబీనగర్–నడికుడి లైను, మహబూబ్‌నగర్‌ది సికింద్రాబాద్–డోన్ లైను. పడమటికి పోవాల్సిన మనిషి ముందు జంటనగరాలకు పోయి, రైలు మారి, మళ్లీ కిందికి రావాలి. 140 కాస్తా 200 దాటుతుంది.

ఇక మిగిలింది రోడ్డు, సుమారు 160 కిలోమీటర్లు. కొండమల్లేపల్లి దాకా వచ్చి 167వ నంబరు జాతీయ రహదారి పట్టుకోవాలి. కొండమల్లేపల్లిలో సాగర్ రోడ్డు, కల్వకుర్తి దగ్గర శ్రీశైలం రోడ్డు, జడ్చర్లలో బెంగళూరు రోడ్డు అడ్డం వస్తాయి. మూడూ హైదరాబాద్‌కు పోయేవే. కుట్రేమీ లేదు గానీ, రెండు జిల్లాలూ పట్నం వైపు మొహం పెట్టి ఒకదానికొకటి వీపు చూపించుకున్నాయి. నిలువునా పోయేవాడికి బస్సుల మీద బస్సులు, అడ్డంగా పోయేవాడికి బస్టాండు బెంచీ.

బస్సు దొరికాక కూడా తొందర పనికిరాదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అయినా ఒక్కొక్కరికీ మిషన్లో జీరో టికెట్టు కొట్టాల్సిందే. ఊరి చివర చెట్టు కింద బస్సు ఆగుతుంది. కండక్టరు జనంలో ఇరుక్కుని "ఆధార్ కార్డులు తీయుండ్రమ్మా" అని మొదలుపెడతాడు. కొంగుముడిలోంచి ఒకటి, చీరల సంచి అడుగు నుంచి ఒకటి బయటికొస్తాయి. "పాలమూరు ఎప్పుడు పోతం అన్నా?" అని వెనక సీటు అడిగితే, "టికెట్లు అయినంక పోతం, కూసో" అని జవాబు.

ఇట్లా మారుతూ ఆగుతూ జడ్చర్ల చేరితే అక్కడి నుంచి బెంగ లేదు. పాలమూరు ఇక 16 కిలోమీటర్లే, ఎక్కించుకోవడానికి హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులు బోలెడు.