శని ఉన్నన్నాళ్లే శ్రీమతి

ఆషాఢంలో శుభకార్యాలు చేయరు. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుంది. బట్టల కొట్టువాడు నెల రోజులు ఈగలు తోలుకోవాలి మరి. కానీ ఆ నెలలో సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్లి చూడండి, కాలు తీసి కాలు పెట్టే సందుండదు. శూన్యమాసానికి మన వ్యాపారులు విరుగుడు కనిపెట్టారు: ఆషాఢం సేల్. ఒకటి కొంటే ఒకటి ఉచితం అనేసరికి మాసదోషం మాయం. ఈ పండగ ఏ పంచాంగంలోనూ లేదు. పెట్టుకోవచ్చా అని ఏ సిద్ధాంతినీ అడిగినవాడూ లేడు.

శుక్రవారం సంగతీ అంతే. లక్ష్మి గడప దాటకూడదు కాబట్టి ఆ రోజు ఎవరికీ డబ్బివ్వరు. సరుకు పంపినవాడు బాకీకొస్తే "శుక్రవారం పూట ఏంటన్నా, రేపు రా" అంటారు. రావలసిన డబ్బు మాత్రం శుక్రవారం భేషుగ్గా తీసుకుంటారు. లక్ష్మి లోపలికి రావడానికి వారవర్జ్యం లేదు. జీఎస్టీ రిటర్ను గడువు ఇరవయ్యో తేదీ శుక్రవారం పడిందనుకోండి, ఆలస్య రుసుము భయానికి లక్ష్మి గడప దాటి, గేటు దాటి, ఢిల్లీ దాకా వెళ్తుంది. ఎవరికీ ఏ కీడూ జరగదు.

నమ్మకాలతో నాకు పేచీ లేదు. ఎవరి గల్లాపెట్టె వారిష్టం. లాభం కనపడగానే ఇంత సులువుగా వంగే నమ్మకం, ఆడమనిషి కనపడగానే ఎందుకు బిగుసుకుపోతుందన్నదే నా సందేహం.

బోణీ వేళ చూడండి. షట్టర్ ఎత్తుతారు, వాకిట్లో నీళ్లు చల్లుతారు. వాడిపోయిన నిమ్మకాయ, మిరపకాయల దండను తెంపి రోడ్డు మీదికి విసురుతారు. ఎవడు తొక్కితే వాడి ఖాతాలోకి దిష్టి బదిలీ. కౌంటరు మీద గాజు గ్లాసులో నీళ్లు, అందులో కొత్త నిమ్మకాయ. గల్లాపెట్టె మీది లక్ష్మీదేవి పటానికి అగరొత్తి. అప్పుడే బొట్టు లేని ఒక పెద్దావిడ మెట్టెక్కుతుంది. "ఇంకా సర్దుకోలేదమ్మా, కాసేపాగి రండి" అంటాడు కుర్రాడు. అన్నీ సర్దే ఉంటాయి. ఆవిడకూ తెలుసు, ఈ వయసుకి ఎన్ని కొట్లలో వినుంటుందో! మెట్టు దిగి పక్కకు జరిగి నిలబడుతుంది. ఈలోగా ఒక మగమనిషి వచ్చి, చెమట తుడుచుకుంటూ, రెండు జేబురుమాళ్లు బేరమాడి కొంటాడు. ఆ నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేస్తారు. ఆయన భార్య పోయి పదేళ్లయిందో, పదకొండో రోజు నిన్ననే అయిందో ఎవరూ అడగరు. మగవాడికి వైధవ్యం అంటదు, అదొక ప్రత్యేక రాయితీ.

ఇప్పుడు ఫోన్‌పే, గూగుల్ పే వచ్చి పరువు కాస్త నిలబెట్టాయి. ఆ పెద్దావిడే ఇంట్లో కూర్చుని ఫోన్లో ఆర్డరు పెట్టి డబ్బు కొట్టిందనుకోండి. కౌంటరు మీది డబ్బా "రెండు వందల నలభై రూపాయలు అందాయి" అని మంగళవాద్యంలా అరుస్తుంది. యజమాని ఫోను కళ్లకద్దుకుంటాడు. ఆ డబ్బాకి నుదుటి బొట్టు చూడటం ఇంకా ఎవరూ నేర్పలేదు.

ఇదంతా జరిగే బజారు ఉజ్జయిని మహంకాళి గుడి చెంతనే ఉంది. 1813లో కలరా వచ్చినప్పుడు సురిటి అప్పయ్య అనే మిలటరీ డోలీ మోసే మనిషి ఉజ్జయినిలో మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడని చరిత్ర. ఆషాఢ బోనాల మర్నాడు రంగం. మగడూ సంసారమూ లేని ఒక ఆడమనిషి పచ్చికుండ మీద నిలబడి, వానలెట్లా పడతాయో, ఊరికేం కానుందో చెప్తుంది. మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు, కసిరితే తలొంచుకుంటారు. మన వ్యాపారి కూడా ఆ గుంపులో మునివేళ్ల మీద నిలబడి, ఈ ఏడు ధరలెట్లా ఉంటాయో అని చెవి రిక్కిస్తాడు. మంగళవారం పొద్దున మళ్లీ షట్టరు ఎత్తి, మొదట మెట్టెక్కేది ఎవరా అని వీధి వైపు చూస్తాడు.

ఇక బోర్డుల మీదికెళ్దాం. కొన్ని దుకాణాల మీద "ప్రొప్రైటర్: శ్రీమతి ఫలానా" అని ఉంటుంది. మహిళా సాధికారత వచ్చేసిందని సంబరపడకండి, వచ్చింది ఏలినాటి శని. అయ్యగారి జాతకంలో శని కూర్చున్నాడు, అమ్మగారిది మాత్రం లక్ష్మీ జాతకం, వ్యాపారం ఆవిడ పేరున పెట్టమని జ్యోతిష్కుడు చెప్పాడు. దాంతో ఆవిడ జాతకం పెట్టుబడిగా పెట్టారు. ఆవిడ తెలివితేటల అవసరం రాలేదు. చెక్కుబుక్కులో సంతకాలన్నీ ముందే పెట్టించి బీరువాలో దాస్తారు. ఏడున్నరేళ్లకు శని దిగిపోతాడు, వెనకాలే శ్రీమతీ దిగిపోతుంది. కాస్త పెద్ద కంపెనీలకు శనితో పని లేకుండా 2013 కంపెనీల చట్టమే ఈ సదుపాయం కల్పించింది. లిస్టెడ్ కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలన్నారు. దేశమంతా వెతగ్గా వెతగ్గా చాలామంది యజమానులకు అర్హురాలు సొంత వంటింట్లోనే దొరికింది.

"అండ్ సన్స్" బోర్డులకైతే ఏ గ్రహమూ అడ్డు రాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చే సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది. దేశం మొత్తానికి 2005 దాకా పట్టింది. ఈ ఒక్క విషయంలో ఢిల్లీకి మనం ఇరవయ్యేళ్లు సీనియర్లం. "అండ్ డాటర్స్" అన్న బోర్డు ఎక్కడైనా కనపడితే నాకూ చూపించండి. అడిగితే, ఆడపిల్ల గల్లా ముట్టుకోకూడని రోజులుంటాయి కదండీ అంటారు. అదే షాపులో చీరలు మడతపెట్టే సేల్స్‌గర్ల్స్ ఆ రోజుల్లోనూ రాత్రి షట్టరు దించేదాకా నిలబడే ఉంటారు. జీతానికొచ్చిన వాళ్లకు మైల ఉండదు కాబోలు!

పాపం వ్యాపారుల్నే అనడం కూడా అన్యాయం. సచివాలయానికే వాస్తు దోషమని 2015లో అప్పటి ముఖ్యమంత్రి బాహాటంగా చెప్పారు. ఎర్రగడ్డకు తీసుకెళ్దామన్నారు, ఆ తర్వాత మన సికింద్రాబాద్ బైసన్ పోలో మైదానానికి తెద్దామన్నారు, చివరికి పాతది కూల్చి అక్కడే కొత్తది కట్టి 2023 ఏప్రిల్లో ప్రారంభించారు. అంత పెద్ద భవనంలో దోషం పట్టేసిన కళ్లకు, రాష్ట్రం పుట్టిన నాటి నుంచి 2019 సెప్టెంబరు దాకా మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషీ లేదన్న సంగతి ఆనలేదు. వాస్తులో ఆ దిక్కుకు పేరు లేదేమో.

మోండా మార్కెట్లో తట్టలు ముందు పెట్టుకుని కూరగాయలమ్మే ఆడవాళ్లకు ఈ బెడద లేదు. ఈశాన్యం ఉండాలంటే ముందు గోడలుండాలి, వాళ్లకున్నది గోనెపట్టా. బోణీ వాళ్లూ చూస్తారు, తొలి నోటు తక్కెడకు తాకించి కళ్లకద్దుకుంటారు. ఎవరి చేతి నోటని మాత్రం చూడరు, చూస్తే పూట గడవదు. కొట్టు పెట్టుకుందామని అప్పుకెళితే కాగితాలేవీ అంటారు, మీ ఆయన సంతకమేదీ అంటారు. రోజువారీ వడ్డీకి అప్పిచ్చే గిరిగిరివాడు ఇవేమీ అడగడు. జాతకమూ అడగడు, ఏ దిక్కుకు కూర్చున్నావనీ అడగడు. తెల్లారకముందే వచ్చి తొమ్మిది వందలు చేతిలో పెట్టి వెయ్యి రాసుకుంటాడు, సాయంత్రానికి వసూలుకొస్తాడు. శుక్రవారమైనా ఇస్తాడు.