నాలుగో వచనం దగ్గర ఆగిపోయాను

నా వాదనలో తప్పు లేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. దేవుడు ఒక్కడే అని నమ్మినవాళ్ళకి తిండి వల్ల ఏ మైలా అంటదు. ఎవరి వంటింటి నుంచి ఏది వచ్చినా దేవునికి కృతజ్ఞత చెప్పి తినొచ్చు. గుంటూరు వైపు లూథరన్ ఇంట్లో పుట్టి పెరిగి, స్త్రీల కూటాల్లో వాక్యం చెప్పే నాకు ఇదంతా కంఠతా వచ్చు. అంత సరైన మాటతోనే ఒక పిల్ల మనసు విరిచేశాను.

వినాయక చవితి రోజు పక్కింటి పిన్నిగారు ఎప్పటిలాగే ఉండ్రాళ్ళూ పులిహోరా పట్టుకొచ్చింది. అప్పటికి మా ఇంట్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. డిగ్రీ చదువుతోంది. బాప్తిస్మం తీసుకుని ఏడాది కూడా కాలేదు. మన సంఘాల్లో చాలామంది ప్రసాదం ముట్టరు. నేను ముడతానని, నాకు ఆ పట్టింపులు లేవని ఆ పిల్ల చూడాలనిపించింది. నాకు ఆకలేమీ లేదు. పిన్నిగారి మనసు నొచ్చుకుంటుందన్న ఆలోచన కూడా లేదు. ఒక ఉండ్రం తిని, గిన్నె ఆ అమ్మాయి ముందుకి జరిపి, “ఇంకా ఈ భయాలెందుకమ్మా? క్రీస్తు మనల్ని విడిపించాడు. తిను” అన్నాను. పెద్దదాన్ని కదా, కాదనలేకపోయింది. తల వంచుకుని తింది.

ఆ తర్వాతి సంస్కారపు ఆదివారం ఆ పిల్ల ప్రభువు బల్ల దగ్గరకి రాలేదు. పాస్టరమ్మగారు చెబితే గాని నాకు తెలియలేదు. వెళ్ళి అడిగాను. “మీకు తప్పు కాదక్కా. మా అమ్మ చేతిదే వద్దన్నదాన్ని, అక్కడ తిన్నాను. తింటున్నంతసేపూ తప్పు చేస్తున్నాననే అనిపించింది” అంది. బాప్తిస్మం అయిన దగ్గర్నుంచి ఇంట్లో నైవేద్యం పెట్టినదేదీ ముట్టనందుకు తల్లి ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడడమే మానేసిందట. మా ఇంట్లో తిన్న సంగతి ఎలాగో ఆమె చెవిన పడింది. “మీ అక్క పెడితే తిన్నావు. నేను పెడితేనే పాపమా?” అని ఏడ్చిందట.

అప్పుడైనా నోరు మూసుకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకోవాల్సింది. నేను బైబిల్ తెరిచి మళ్ళీ పాఠం మొదలుపెట్టాను! కొరింథీయుల మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం. నా బైబిల్లో నాలుగో వచనం కింద ఎర్ర గీత ఉంది. విగ్రహం వట్టిదని ఒప్పుకున్న చోటు అది. తొమ్మిది నుంచి పదమూడు దాకా ఏ గీతా లేదు. నీ స్వేచ్ఛ ఇంకొకరికి అడ్డురాయి కాకుండా చూసుకోమని, తెలిసినవాడు గుడి పంక్తిలో కూర్చోవడం చూసి తెలియనివాడు పాడైపోతే అది క్రీస్తుకే ద్రోహమని పౌలు చెప్పింది అక్కడే.

కొరింథులో గుళ్ళకి అనుబంధంగా భోజనశాలలుండేవి. బలి మాంసం అంగడికి కూడా వచ్చేది. పౌలు దానికి ఒక చట్టం చేసి వదిలేయలేదు. అంగడిలో అమ్మేది అడక్కుండా కొనుక్కోండి, ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి అన్నాడు. ఇది బలి అర్పించిందని పక్కనున్నవాడు చెబితే మాత్రం అతని మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. ప్రతిసారీ ఆయన చూపు పళ్ళెం మీద లేదు, పక్కనున్న మనిషి మీద ఉంది. ఎనిమిదో అధ్యాయం అయిన వెంటనే, తొమ్మిదో అధ్యాయంలో సంఘం తనని పోషించాల్సిన హక్కు తనకుందని గట్టిగా వాదించి, ఆ హక్కు వాడుకోలేదంటాడు. డేరాలు కుట్టి బతికాడు.

లూథర్ 1520లో క్రైస్తవుని స్వేచ్ఛ మీద రాసిన చిన్న పుస్తకం మా కూటాల్లో నేనే చెప్పాను. విశ్వాసి ఎవరికీ లోబడని స్వతంత్రుడు అన్న మాట దగ్గర గొంతు పెంచేదాన్ని. అదే విశ్వాసి అందరికీ దాసుడని ఆయన వెంటనే రాసిన మాటని ముగింపు ప్రార్థనకి ముందు హడావుడిగా చదివేసేదాన్ని.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకోటి ఉంది. ఆ పిల్లని నేను బలహీనురాలి లెక్కలో వేశాను. నేను పుట్టుకతోనే క్రైస్తవురాల్ని. విశ్వాసం కోసం ఒక ముద్ద కూడా వదులుకోలేదు. ఆ పిల్ల కన్నతల్లి మాటని పోగొట్టుకుంది. అలా వదులుకున్నవాళ్ళు ముందూ ఉన్నారు. 1866లో మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాక ఆ చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో విశ్వాసులైనవాళ్ళు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు ఊరి పెద్దల చేత బాధలు పడ్డారు. వాళ్ళకి పళ్ళెంలో ఏముందన్నది చిన్న సంగతి కాదు, అది వాళ్ళ గౌరవం. వాళ్ళు వదిలినదాని ఫలం అనుభవిస్తున్న నేను, అలాగే వదులుకున్న ఇంకో పిల్లని పిరికిదన్నాను.

క్షమించమని అడిగాను. క్రిస్మస్‌కి ఆ పిల్ల మళ్ళీ బల్ల దగ్గరకి వచ్చింది. పిన్నిగారికి సంగతి చెప్పడానికి మాత్రం చాలా సంకోచించాను. ఆమె నొచ్చుకోలేదు. “ఈ మాత్రం దానికేనా! నైవేద్యానికి ముందే మీకు వేరే గిన్నెలో తీసి పెడతాలే” అంది. దేవుడికి పెట్టకముందే తియ్యడం ఆమె పద్ధతి కాదని నాకు తెలుసు. మా కోసం ఆ పద్ధతి పక్కన పెట్టింది. నేను కూటాల్లో చెప్పిందంతా ఆమె ఒక్క గిన్నెతో చేసి చూపించింది.

ఆ పిల్ల తల్లి దగ్గరకి మాత్రం ఇంకా వెళ్ళలేదు. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు కూతురు చెప్పాల్సింది కాదు, నేను చెప్పాల్సింది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్తాను.