టైరు బావ

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల ఏ తెలుగువారింట్లో సత్యనారాయణ వ్రతం జరిగినా, భోజనాలయ్యాక మగవాళ్లు రెండు గుంపులవుతారు. ఒక గుంపు బేస్‌మెంట్‌లో చేరి వీసాల సంగతీ ఇంటి అప్పుల వడ్డీల సంగతీ తేలుస్తుంటుంది. రెండోది బయట డ్రైవ్‌వేలో ఎవరిదో కారు చుట్టూ మూగుతుంది. ఆ గుంపు నడుమ, పట్టుపంచె పైకి ఎగ్గట్టి, గొంతుకూర్చుని, ఒక పెన్నీ బిళ్లను టైరు గాడిలోకి తలకిందులుగా దూర్చి, ఫోన్ లైటు వేసి పరీక్షిస్తున్న ఆసామీయే టైరు బావ. బిళ్ల మీది అబ్రహాం లింకన్ నడినెత్తి గాడిలో మునిగితే టైరుకు ఇంకా ఆయుష్షు ఉన్నట్టు. నెత్తి మొత్తం పైకి కనిపిస్తే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిపోయినట్టు, టైరు మార్చక తప్పదన్నట్టు. బావ లేచి, పంచె దులుపుకుని, కారు యజమాని భుజం మీద చెయ్యి వేస్తాడు.

"లింకన్ కనిపించాడు బ్రదర్."

ఆ గొంతులోని విచారానికి యజమానికి అప్పుడే తిన్న చక్రపొంగలి దిగదు.

ఇలాంటి మనిషి ఎడిసన్‌కే పరిమితం కాదు. తెలుగువాళ్లు పదిమంది చేరిన ప్రతి అమెరికా ఊళ్లోనూ ఒకడుంటాడు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉండేవాడు ఏడాది పొడుగునా వేసవి టైర్ల మీదే తిరుగుతూ "మాకు చలెక్కడిదండీ" అని విర్రవీగుతాడు. 2021 ఫిబ్రవరి మాటెత్తితే మాత్రం వినపడనట్టు కాఫీ కలుపుకుంటాడు. ఆ నెల 16న డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. సియాటిల్ పక్కన బెల్‌వ్యూవాడికి వాన తప్ప వేరే బెంగ లేదు. కానీ పిల్లలకు మంచు చూపించాలంటే స్నోక్వాల్మీ కనుమ ఎక్కాలి కాబట్టి అతనూ రాత్రుళ్లు టైర్ల సమీక్షలు చదువుతూనే ఉంటాడు. న్యూజెర్సీ బావ కష్టం వీళ్లందరి కష్టాన్నీ మించింది. జులై ఎండ, జనవరి గడ్డు చలి, ఆ చలికి పగిలి మార్చిలో నోళ్లు తెరిచే గుంతలు, ఈ మూడూ అతని ఇంటి ముందు రోడ్డు మీదే.

బావ కొన్నది బీఎండబ్ల్యూ 330ఐ. ముచ్చటపడి 19 అంగుళాల చక్రాలున్నది తీసుకున్నాడు. కొనేటప్పుడు ఇంజన్ గురించి అడిగాడు, సీటు తోలు గురించి అడిగాడు. టైర్ల గురించి అడగలేదు. ఇంటికి తెచ్చి కొబ్బరికాయ కొట్టేటప్పుడు, పగిలిన చిప్ప దొర్లి వెళ్లి ముందు చక్రం దగ్గర ఆగింది. దాన్ని తీయడానికి వంగినప్పుడు మొదటిసారి చదివాడు: 225/40ఆర్19 93వై. అక్కడితో అతని జీవితం మారిపోయింది. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం ఎత్తు, అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉన్నది 90 మిల్లీమీటర్ల రబ్బరు. 93 అంటే ఒక్కో టైరు 650 కిలోలు మోస్తుందని. వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుందని. న్యూజెర్సీలో చట్టం ఒప్పుకునే గరిష్ఠ వేగం గంటకు 65 మైళ్లు, సుమారు 105 కిలోమీటర్లు. మిగిలిన 195 కిలోమీటర్లను బావ మెట్రోపార్క్ స్టేషన్ పార్కింగులో మనసులోనే నడుపుకుంటాడు.

టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. తన టైర్లు నాలుగూ ఏ ఏడాది ఎన్నో వారంలో పుట్టాయో బావకు కంఠతా వచ్చు. జాతకం వేయించాలంటే ఘడియలూ విఘడియలూ ఒక్కటే తక్కువ.

మొదటి గండం నవంబరులో వచ్చింది. వేసవి టైరు రబ్బరు వెచ్చటి రోడ్డును పట్టుకోవడానికి పుట్టింది. ఎండలో అది తారును అంటిపెట్టుకుని మలుపులో బండిని పక్కకు జారనివ్వదు, తడి రోడ్డు మీద కూడా దాని బ్రేకుకు సాటి లేదు. వాతావరణం 7 డిగ్రీలకు దిగేసరికి అదే రబ్బరు పుష్యమాసపు కొబ్బరినూనెలా బిగుసుకుపోతుంది. గాడులు లోతుగానే ఉంటాయి, లింకన్ మునుగుతూనే ఉంటాడు, పట్టు మాత్రం ఉండదు. మిషెలిన్ కంపెనీ తన పైలట్ స్పోర్ట్ 4ఎస్ గురించి ఇంకో మెట్టు పైకెక్కి చెబుతుంది: మైనస్ 7 డిగ్రీల కంటే చలిగా ఉంటే ఆ టైర్లున్న బండిని నడపొద్దు సరే, అసలు కదపనే వద్దు, రబ్బరు చీలుతుంది. ఇది చదివిన జనవరి ఉదయం బావ కిటికీ తెర తొలగించి థర్మామీటరు చూశాడు. మైనస్ 9. డ్రైవ్‌వేలో మంచు లేదు, రోడ్డు పొడిగా ఉంది, బండి నిగనిగలాడుతోంది. బావ, భార్య హోండా తాళాలు తీసుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఆ వారమంతా అలాగే వెళ్లాడు. నెలనెలా వందల డాలర్ల కిస్తీ కడుతున్న స్పోర్ట్స్ సెడాన్ రబ్బరు నొచ్చుకుంటుందని ఇంటి ముందు ఎండ పొడలో విశ్రాంతి తీసుకుంది.

ఇక ఆల్-సీజన్ టైరు. 1977లో గుడ్‌ఇయర్ కంపెనీ టియెంపో పేరుతో తెచ్చాక అమెరికా మొత్తం దాని మీదికి ఎక్కింది, ఇంకా దిగలేదు. ఎండలో వేసవి టైరంత పట్టదు, మంచులో చలికాలపు టైరంత పట్టదు, రెంటిలోనూ ఇంటికి చేరుస్తుంది. ఎడిసన్ నుంచి మెట్రోపార్కుకూ, శనివారం కూచిపూడి క్లాసుకూ, ఆదివారం కిరాణా కొట్టుకూ తిరిగే బండికి ఇంతకు మించినది అక్కర్లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బావ అభిప్రాయమూ అదే. అతని బాధంతా అదే. ఇంత సులువైన జవాబుకు ఇన్ని రాత్రులు మేలుకోవడం అతనికి నామోషీ. అందుకని అంకెల్లోకి దిగుతాడు. అమెరికా ప్రభుత్వం టైర్ల అరుగుదలకు ఒక అంకె వేయిస్తుంది. టెక్సాస్‌లో శాన్ ఆంజెలో దగ్గర 400 మైళ్ల రోడ్డు చుట్టూ 7,200 మైళ్లు తిప్పి, 100 అంకె గల ప్రామాణిక టైరుతో పోల్చి చూసే లెక్క అది. పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు 300, అదే కంపెనీ ఆల్-సీజన్ 4కు 540. "చూశారా, దాదాపు రెట్టింపు" అంటాడు బావ. ఆ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీయే వేసుకుంటుందనీ, ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదనీ కూడా అతనే చెబుతాడు. చెప్పి, మళ్లీ పోలుస్తాడు.

మిషెలిన్ అంటే అతనికి వేరే గౌరవం కూడా ఉంది. 1900లో ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ములు జనం కార్లలో ఎక్కువ తిరిగి టైర్లు ఎక్కువ అరగదీయాలని దారుల వివరాలు, హోటళ్ల జాబితాలతో పుస్తకం వేసి ఉచితంగా పంచారు. నేటి మిషెలిన్ గైడ్ అదే. మంచి పెసరట్టు కోసం నలభై మైళ్లు పోదామని బావ అన్నప్పుడల్లా ఇంట్లోవాళ్లకు ఈ చరిత్ర వినే భాగ్యం కలుగుతుంది.

రన్-ఫ్లాట్ కథ మొదలైంది తండ్రిగారు వచ్చాక. ఆయన తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. ఆరు నెలలుందామని వచ్చి, రెండో రోజు పొద్దున్నే కొడుకు కారు డిక్కీ తీయించారు. మ్యాట్ ఎత్తారు. కింద బ్యాటరీ ఉంది.

"స్టెప్నీ ఏదిరా?"

"లేదు నాన్నా. అక్కర్లేదు. ఇవి రన్-ఫ్లాట్లు."

బావ గొంతు సవరించుకున్నాడు. మామూలు టైరులో బరువు మోసేది గాలి. గాలి పోతే సైడ్‌వాల్ మడతపడి, రిమ్ము కింద నలిగి, వేడెక్కి చిరుగుతుంది. రన్-ఫ్లాట్‌లో ఆ సైడ్‌వాల్‌నే దళసరి రబ్బరుతో కట్టుదిట్టంగా చేస్తారు. గాలి మొత్తం పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు. 1997లో వచ్చిన ఐదో తరం కార్వెట్ స్టెప్నీ లేకుండానే ఫ్యాక్టరీ గేటు దాటింది, తర్వాత బీఎండబ్ల్యూ ఆ దారి పట్టింది. అర్ధరాత్రి హైవే పక్కన లారీలు దూసుకుపోతుంటే జాకీ ఎత్తాల్సిన ఖర్మ లేదు. పెద్దాయన అంతా విన్నారు. గరాజు మూల నుంచి ఒక ఇనుప రాడ్డు తెచ్చి టైరు మీద టంగున కొట్టి చెవి వొగ్గారు. ముప్పై ఏళ్లు బస్సుల జంట టైర్లలో లోపలిదానికి గాలుందో లేదో చప్పుడుతో చెప్పిన చెవి అది.

"ఇది చచ్చినా బతికినా ఒకటే చప్పుడు చేసేలా ఉందిరా" అన్నారు.

ఆ మాటలో ఇంజనీరింగ్ ఉంది. రన్-ఫ్లాట్ గాలి పోయాక కూడా నిటారుగా నిలబడుతుంది కాబట్టి చూపుకు చిక్కదు. లోపల గాలి ఒత్తిడి కొలిచి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగించే ఏర్పాటు లేకుండా దాన్ని అమ్మడమే ప్రమాదం. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఆ దీపం తప్పనిసరి చేశారు.

దీపం పిట్స్‌బర్గ్ దారిలో వెలిగింది. వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, ఆదివారం సాయంత్రం తిరిగి వస్తున్నారు. పెన్సిల్వేనియా కొండల నడుమ వెనక చక్రంలో ఏదో దిగింది. బావ ముఖం వెలిగిపోయింది. ఏళ్ల తరబడి సమర్థించిన సిద్ధాంతం ఈ రాత్రి రుజువు కాబోతోంది. గంటకు 80 కిలోమీటర్లకు తగ్గించాడు. వెనక వచ్చే లారీలు హారన్లు మోగిస్తూ దాటిపోయాయి. తల్లిగారు విష్ణు సహస్రనామం అందుకున్నారు. సిద్ధాంతం గెలిచింది, బండి ఎక్కడా ఆగలేదు, 60 కిలోమీటర్లు పోయి ఒక చిన్న ఊళ్లో టైర్ల షాపు ముందు నిలిచింది. షాపు మూసి ఉంది.

రాత్రి మోటెల్లో పడుకున్నారు. పొద్దున షాపు తెరిచాక తెలిసిందేమంటే, అక్కడ పికప్ ట్రక్కులకూ ట్రాక్టర్లకూ ఏ టైరు కావాలన్నా ఉంది. 255/35ఆర్19 రన్-ఫ్లాట్ మాత్రం లేదు. ఈ బండికి ముందు 225, వెనక 255 కాబట్టి ముందు సైజు టైరు దొరికినా వెనక వేసే దారి లేదు. పంక్చర్ వేయమంటే వేయలేదు. గాలి లేకుండా నడిచిన రన్-ఫ్లాట్‌కు లోపలి గోడ ఎంత చెడిందో పైకి తెలియదు, అతుకు వేసి ఇవ్వడం క్షేమం కాదు. ఆ మాట షాపువాడి కంటే ముందు బావే చెప్పాడు, మొత్తం రెండు పేరాల్లో. టైరు మధ్యాహ్నానికి తెప్పించారు. బిల్లు చూసి పెద్దాయన అడిగింది ఒక్కటే: "దీనికి రీబటన్ వేయరా ఇక్కడ?"

ఇంటికొచ్చిన వారంలో రన్-ఫ్లాట్లు నాలుగూ ఊడాయి. మామూలు వేసవి టైర్లు ఎక్కాయి. తేలిక కాబట్టి బండి చురుకైందని, సైడ్‌వాల్ మెత్తన కాబట్టి గుంతలో పడ్డా నడుం పట్టట్లేదని బావ అందరికీ చెప్పాడు. రెండూ నిజమే. ఆ తర్వాత డిక్కీలోకి పంక్చర్ కిట్టు వచ్చింది, గాలి కొట్టే బుల్లి కంప్రెసర్ వచ్చింది, చిల్లి పూడ్చే ద్రవం సీసా, జాకీ, వీల్ స్పానర్, చివరికి పెద్దాయన సంతృప్తి కోసం ఒక సన్నపాటి స్టెప్నీ కూడా. టైర్ల దగ్గర తగ్గిన బరువు డిక్కీలో రెట్టింపై కూర్చుంది. సూట్‌కేసులు ఇప్పుడు హోండాలో పోతున్నాయి.

చలికాలం సమస్య అలాగే ఉంది కదా. దానికి బావ జర్మనీ నుంచి పరిష్కారం తెచ్చాడు. అక్కడ అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా చలి టైర్లని వాడుక. 2010 నుంచి మంచు, ఐసు పట్టిన రోడ్డు మీద అవి లేకపోతే జరిమానా. 2024 అక్టోబరు నుంచి మూడు శిఖరాల కొండలో మంచురేకు గుర్తున్న టైర్లే చెల్లుతాయి. బావ దీన్ని మన పంచాంగంలోకి దించాడు: దసరాకు చలి టైర్లు, ఉగాదికి ఎండ టైర్లు. చలి టైర్లకు వేరే 18 అంగుళాల రిమ్ములు కొన్నాడు. నిజానికి దసరా నాటికి ఎడిసన్‌లో పగలు ఇంకా వెచ్చగానే ఉంటుంది, థాంక్స్‌గివింగ్ దాకా ఆగినా నష్టం లేదు. కానీ థాంక్స్‌గివింగ్‌కు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టరు కదా.

ఆ దసరాకు బ్రిడ్జ్‌వాటర్ గుడి దగ్గర వాహన పూజల వరుసలో బావ బండి నిలిచింది. నాలుగు టైర్లు బండికి ఉన్నాయి, నాలుగు బండి లోపల ఉన్నాయి: రెండు వెనక సీట్లో, రెండు డిక్కీలో. అర్చకులవారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు సర్ది, లోపలికి తొంగి చూసి, మారు మాట్లాడకుండా సంచీలోంచి ఇంకో నాలుగు తీశారు. హారతయ్యింది. వెనక ఏడెనిమిది కార్లు ఇంజన్లు వేసుకుని కాచుకున్నాయి.

"టైర్ల సంగతి మీకు బాగా తెలుసట. మా బండి ఒకటుంది, చూసి చెబుతారా?" అని అడిగారు అర్చకులవారు.

"ఏ బండి స్వామీ?"

"పాత సియెన్నా వ్యాను. నాలుగు చక్రాలకూ ఇంజన్ పట్టే రకం."

బావ ఒక్క క్షణం ఆగాడు. 2020 దాకా వచ్చిన ఆ రకం సియెన్నాకు టయోటా ఫ్యాక్టరీ నుంచే స్టెప్నీ తీసేసి రన్-ఫ్లాట్లు వేసి పంపింది. పులిహోర గుండిగలు మోసే వ్యానుకు. వెనక ఎవరో హారన్ కొట్టారు. బావ పంచె ఎగ్గట్టి, జేబులో పెన్నీ తడుముకుంటూ, "ముందు ఒక్క విషయం చెప్పండి స్వామీ, మీరు హైవే మీద ఎంత స్పీడులో వెళ్తారు?" అన్నాడు.